వంగుటయు క్రుంగుటయు

భారము మోయువారిని గూర్చి లోకము తొందరపడి తీర్పు చెప్పుచుండును. వంగినవాడు బలహీనుడు, వంగనివాడు బలవంతుడు అని సామాన్యుల అభిప్రాయము. కాని వంగి మరల నిలువబడువాడు ఒకడు. వంగి అట్లే ఉండిపోవువాడు వేరొకడు. ఈ రెండింటికిని తెలుగున రెండు మాటలు కలవు. మొదటిది వంగుట, రెండవది క్రుంగుట. వీని నడుమ గల భేదమును తెలిసికొనుటకు పెద్ద గ్రంథములను విప్పనక్కరలేదు. ఒక పాత మోటారుకారు క్రిందికి తొంగిచూచినను చాలును.

బండి బరువును మోయు ఉక్కుపట్టీల దొంతరను కార్ఖానాలలో కమాను కట్ట అని పిలుతురు. కమాను అనునది పారసీక పదము. విల్లు అని దాని అర్థము. పై పట్టీ పొడవుగను, దాని క్రిందివి క్రమముగా పొట్టిగను పేర్చి, నడుమ ఒక బోల్టుతో బిగించిన ఆ కట్ట నిజముగా వింటిబద్ద వలెనే వంపు తిరిగి యుండును. పూర్వము జట్కాబండ్లకును ఇట్టి కమానులే ఉండెడివి. చక్రము గోతిలో పడినపుడు ఆ అదురును తాను గ్రహించి, వంగి, మరుక్షణమున తన మొదటి వంపునకు తాను చేరుకొనుటయే కమాను చేయు పని. లోపల కూర్చున్న వారికి ఆ పని కనబడదు. అది కనబడకపోవుటయే చక్కగా జరుగుచున్నదనుటకు గుర్తు.

ఏండ్లు గడచిన కొలది ఆ కమాను అలసిపోవును. వింటి వంపు తగ్గి బద్ద వలె చదునగును. బండి వెనుకభాగము నేలకు దిగును. అప్పుడు దానిని లేపవలెను. లేపుటకు మార్గములు అనేకములు కలవు; వానిలో కొన్ని సులభములు, కొన్ని చౌక, ఒకటి సరియైనది. ఇచ్చటనే ధర్మవిచారమునకు చోటు కలుగుచున్నది. క్రుంగినది లేచినట్లు కనబడిన చాలునా? లేపుమని అడిగినవాని కోరిక తీర్చుటతో పనివాని ధర్మము తీరిపోవునా?

ఈ ప్రశ్న మణుగూరు వంటి ఊరిలో ఉబుసుపోకకు వేయునది కాదు. గోదావరికి చేరువన, అడవిని ఆనుకొని యున్న ఈ పట్టణము ఒకప్పుడు ఖమ్మం జిల్లాలోనిది. 2016 అక్టోబరు నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందినది. సింగరేణి వారి ఉపరితల బొగ్గుగనులు దీనికి ప్రాణము. అశ్వాపురము చెంత భారజల కర్మాగారము 1991లో పని ప్రారంభించినది. ఆ తరువాత భద్రాద్రి తాపవిద్యుత్ కేంద్రము 1080 మెగావాట్ల శక్తితో వెలసినది. గని యున్నచోట లారీ యుండును; లారీ తిరిగిన చోట రోడ్డు గాడిపడును. వానకాలమున ఆ గాడులలో నీరు నిలిచి గోతి లోతెంతయో తెలియకుండును. ఇటు కొత్తగూడెమునకు, అటు భద్రాచలమునకు, అడవి నడుమగా ఏటూరునాగారము వైపునకు పోవు ప్రతి బండియు తన కమానుల ఆయువును ఆ రోడ్ల మీద కొంత కొంతగా విడిచి వచ్చుచుండును.

ఇట్టి రోడ్లమీద చిరకాలము తిరిగిన కారు అంబాసిడర్. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును మాతృకగా గైకొని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ వంగదేశమున ఉత్తరపాడాలో దీనిని నిర్మించిరి. 1958 ప్రాంతమున మొదలైన ఆ నిర్మాణము 2014 మే నెలలో ఆగిపోయినది. అధికారుల వాహనముగను, టాక్సీగను, పెండ్లికారుగను ఇది రెండు మూడు తరములకు పరిచయము. నేడు మిగిలియున్నవి కొద్దిపాటివి. తండ్రి జ్ఞాపకార్థము కొడుకులు కాపాడుకొనుచున్నవి కొన్ని. అమ్మకమునకు ఎదురుచూచుచు చెట్టు క్రింద నిలిచియున్నవి కొన్ని.

అంబాసిడర్ కారునకు వెనుకభాగమున రెండు కమాను కట్టలుండును. ముందుభాగమున మాత్రము కమాను కట్ట ఉండదు. దానికి బదులుగా రెండు వైపుల ఒక్కొక్క పొడవైన ఉక్కు కడ్డీ ఉండును. చక్రము పైకి లేచినపుడు ఆ కడ్డీ తడిగుడ్డను పిండినట్లు మెలిపడును. చక్రము దిగినపుడు ఆ మెలి విడిపోవును. వెనుకది వంగి మోయును, ముందుది మెలిపడి మోయును. ధర్మము రెండింటికిని ఒక్కటే. తనపై పడిన దెబ్బను తనలో కొంతసేపు నిలుపుకొని, దానిని ఇతరులకు అందనీయక, తిరిగి తన స్థితికి వచ్చుట.

ఉక్కునకు గల ఈ గుణమును ఆంగ్లదేశపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ఒక సూత్రముగా ప్రకటించెను. బరువు ఎంత పెరిగిన వంపు అంత పెరుగును. బరువు తీసిన వంపు పోవును. ఐతే ఈ మాటకు ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటి బరువు పెట్టినచో లోహము పూర్తిగా వెనుకకు రాదు. కొంత వంపు దానిలో శాశ్వతముగా నిలిచిపోవును. లక్షలమారులు వంచబడి అలసిన ఉక్కులో సన్నని పగుళ్ళు పుట్టి ఒకనాడు పట్టీ విరుగుటయు కలదు. కావున క్రుంగుట అనునది వంగుటయొక్క పాపము కాదు. హద్దెరుగని బరువుయొక్క ఫలము. విశ్రాంతి యెరుగని కాలముయొక్క ఫలము. నలుగురెక్కవలసిన బండిలో ఎనమండుగురిని ఎక్కించి, డిక్కీలో మూటలు నింపి, అందరును దిగిన తరువాత కమాను బలహీనమని నిందించుట న్యాయము కాదు.

క్రుంగుబాటులో మరియొక విశేషము కలదు. అది ఒక్కనాట జరుగదు. ఈ వారము బియ్యపుగింజంత, వచ్చు నెలలో మరియొక గింజంత. దినదినము ఆ బండిని చూచు యజమానికి అది కనబడదు. ఆరేండ్లకు చుట్టపుచూపుగా వచ్చినవాడు, "ఏమిటి, మీ బండి వెనుక కూర్చున్నట్లున్నదే" అని అడిగినచో, "లేదే, ఎప్పుడును ఇట్లే యున్నది" అని యజమాని నిజాయితీతోనే బదులు చెప్పును. అతడు అబద్ధమాడుట లేదు. అతని కన్నులు కూడ బండితోపాటు క్రుంగినవి. అందువలననే మంచి మేస్త్రి కంటిని నమ్మడు. టేపు తీసి కొలుచును.

ఆ కొలుచుటలోనే సగము నీతి ఇమిడియున్నది. చదునైన నేలమీద బండిని నిలుపవలెను. నాలుగు టైర్లలోను ఉండవలసినంత గాలి ఉండవలెను. డిక్కీలోని సామాను దింపవలెను. ముందు, వెనుక రెండుమూడు మారులు అదిమి విడిచి, బండిని తన సహజస్థితికి రానీయవలెను. అటుపిమ్మట చక్రము నడిబొడ్డు నుండి పైనున్న మడ్‌గార్డు అంచు వరకు నాలుగుచోట్ల కొలువవలెను. నేలనుండి కొలిచినచో టైరు అరుగుదల కూడ ఆ లెక్కలో కలిసి పొరపాటు కలుగును. నడిబొడ్డు నుండి కొలిచినచో కమాను సంగతి ఒక్కటే తెలియును. కుడి యెడమల నడుమ భేదము తరచుగా బయటపడును. ఒక వైపు తగ్గినదని తెలిసిన తరువాత, తగ్గిన వైపునే దోషమున్నదని తీర్పు చెప్పుటయు తొందరయే. ఒక కట్టలో పట్టీ విరిగియుండవచ్చును, బుష్షు అరిగియుండవచ్చును, నడుమ బోల్టు తెగియుండవచ్చును. విప్పి చూడనిదే నిశ్చయింపరాదు.

బండి క్రుంగినచో నష్టమెవరికి? నడుము నొప్పి యెక్కినవానికే గదా, అతడే భరించును, ఇతరులకేమి అని కొందరందురు. ఈ మాట సరికాదు. వెనుకభాగము దిగినచో ముందుభాగము పైకెత్తుకొనును. అప్పుడు దీపముల వెలుగు రోడ్డుమీద పడక, ఎదుట వచ్చువాని కన్నులలో పడును. రాత్రివేళ అడవిదారిలో ఎదురుగా సైకిలుమీదనో మోటారుసైకిలుమీదనో వచ్చువానికి ఆ క్షణమున రోడ్డు కనబడదు. అతనికి ఆ కమానుతో సంబంధము లేదు. ఆ బండిలో అతడెన్నడును ఎక్కలేదు. ఐనను ఆ క్రుంగుబాటు ఫలము అతడనుభవించును. తన క్రుంగుబాటు తనకే పరిమితమని ఎవ్వరును అనుకొనరాదు. గృహమందైనను, సంస్థయందైనను ఇంతియే.

ఇక లేపుటను గూర్చి విచారింతము. దీనికి ఒక ఉదాహరణము ఊహించుకొందము. మణుగూరిలో ఒక మెకానిక్కు షెడ్డునకు ఒక యువకుడు తండ్రినాటి అంబాసిడర్ తీసికొని వచ్చెననుకొందము. తండ్రి గనిలో ఉద్యోగము చేసి రిటైరైనవాడు. బండి వెనుక బాగుగా దిగియున్నది. కొనుటకు ఒకరు కొత్తగూడెమునుండి వచ్చుచున్నారు. ఆ యువకుని మాట ఇట్లుండును:

"మేస్త్రీ, కొత్త కమాన్లు గిమాన్లు వద్దు. ఇరుసు మీద దిమ్మెలు పెట్టి లేపెయ్యి. చూడటానికి సమంగా ఉంటే చాలు. ఆదివారం వాళ్ళొచ్చి చూసుకుంటారు."

వయసు మీరిన ఆ మేస్త్రి బండి క్రిందనుండి వెలుపలికి వచ్చి ఇట్లనును:

"లేపమంటే లేస్తది బాబూ. కాని కమాను లేవదు, బండి లేస్తది. అది వేరు, ఇది వేరు."

ఈ ఒక్క మాటయందే వ్యాసమంతయు ఇమిడియున్నది. దిమ్మె అనగా ఇరుసునకును కమానునకును నడుమ పెట్టు ఇనుపముక్క. దాని వలన బండి ఎత్తు పెరుగును. కమాను మాత్రము ఎప్పటివలె చదునుగనే ఉండును. పగుళ్ళున్న పట్టీ పగుళ్ళతోనే ఉండును. కొన భాగమున తగిలించు షాకిల్‌ను పొడవు చేసినను ఇంతియే. చూచువాని కన్నులకు రోగము కుదిరినది, రోగికి కుదురలేదు.

పల్లెలలో నులకమంచమును ఎరుగనివారుండరు. నులక వదులైన మంచములో పడుకొన్నవాని నడుము నేలకు దిగును. అప్పుడు గృహస్థుడు మంచము కోళ్ళ క్రింద నాలుగు ఇటుకలు పెట్టినచో ఏమగును? మంచము ఎత్తు పెరుగును. గుంత గుంతగనే ఉండును. వీపునొప్పి కూడ అంత ఎత్తున నిలిచియుండును. తెలిసిన ఇల్లాలు అట్లు చేయదు. కాళ్ళవైపు దావనతాడు విప్పి, నులకను వరుసగా లాగి బిగించును. తెగినచోట కొత్త నులక పేని అల్లును. కళ్యాణమున నులక పేనుటను కాయకముగా చేసికొన్న నులియ చందయ్యను ఆరాధించు కుటుంబములలో ఈ పోలికను వివరింపనక్కరలేదు. వదులైనది బిగింపవలెను, తెగినది మార్చవలెను. క్రింద ఇటుక పెట్టుట ఈ రెండింటిలోను చేరదు.

ఇది మొదటి తప్పుదారి. దీనికి ఎదురుగా రెండవ తప్పుదారి యొకటి కలదు. అది మరింత గౌరవముగా కనబడును గనుక మరింత ప్రమాదకరము. కమాను మరల క్రుంగరాదని యెంచి, కట్టలో మరి రెండు లావు పట్టీలు చేర్చుదురు. బండి లేచును, లేచుటయే గాక బిగుసుకొనిపోవును. ఎంత బరువు వేసినను వంగదు. యజమాని సంతోషించును. కాని వంగని కమాను కమాను కాదు, ఉత్త ఇనుపదూలము. గోతి దెబ్బ ఇప్పుడెవరు గ్రహింతురు? కమాను గ్రహింపదు గనుక బండి శరీరము గ్రహించును. కూర్చున్నవారి వెన్నెముక గ్రహించును. కమాను తగులుకొన్న చోట రేకు చిట్లును; అతుకులు విడును. అవసరమును మించి ఎత్తు లేచిన బండి మలుపులయందు నిలకడ తప్పును. గర్భిణిని ఆసుపత్రికి తీసికొనిపోవు బండికి ఇట్టి బలము వలన ప్రయోజనమేమి? క్రుంగుటకు మందు బిగుసుకొనుట కాదు. కష్టములలో క్రుంగినవాడు కొందరి విషయమున ఇట్లే కఠినుడై తేలును. "ఇక నన్నెవ్వరును వంచలేరు" అని అతడనుకొనును. ఆ దెబ్బలు ఎక్కడికి పోయినవని అతని భార్యాబిడ్డల నడిగిన తెలియును.

మూడవది సరియైన దారి. కట్ట విప్పి ఒక్కొక్క పట్టీని తుడిచి చూడవలెను. పగులున్నది పారవేయవలెను, పగిలినదానికి మరల వంపు తెచ్చుట మోసము. పగులు లేక వంపు మాత్రమే పోయినచో దానిని బాగుచేయవచ్చును. కాని చల్లని పట్టీని సుత్తితో కొట్టి వంచిన మాత్రమున చాలదు. అట్టి వంపు కొద్దికాలములో మరల పోవును. పట్టీని ఎర్రగా కాల్చి, వంపు తెచ్చి, నూనెలో ముంచి, మరల మితముగా వేడిచేసి పదును పెట్టవలెను. కాలుటలో లోహము మెత్తబడును; ముంచుటలో గట్టిపడును; గట్టిదనము పెళుసుదనముగా మారకుండ రెండవ వేడి కాపాడును. ఈ మూడింటిలో ఏది లోపించినను కమాను కమాను కాదు. ఇంత శ్రమకు తగిన కొలిమియు, నైపుణ్యమును లేనిచోట కొత్త కట్టలే వేయుట మేలు.

కొత్తవి వేయునపుడు ఒక్కవైపు మాత్రము వేయరాదు. విరిగినది యెడమది, కుడిది బాగుగనే ఉన్నది గదా అని కొందరు వాదింతురు. ఆ కుడిదియు అన్ని ఏండ్లును మోసినదే. కొత్తదాని ప్రక్కన పాతది నిలిచినచో బండి ఒరిగియే నడచును. ఇద్దరు కలిసి మోసిన భారమునకు ఇద్దరిని గూర్చియు ఆలోచింపవలెను. ముందుభాగపు కడ్డీల విషయమున మరియొక నియమము కలదు. కుడివైపున మెలిపడుచు ఏండ్లు గడిపిన కడ్డీని యెడమకు మార్చరాదు. అలవాటు పడిన దిశకు విరుద్ధముగా మెలిపెట్టినచో అది త్వరలో విరుగును. కడ్డీ కొనలయందలి పళ్ళను విప్పి, స్థానము కొంచెము మార్చి మరల తొడిగి, ముందుభాగపు ఎత్తును సవరింతురు. దీనికి ముందు బండిని గట్టి ఆధారములమీద నిలిపి, కడ్డీ మెలిని పూర్తిగా దిగనీయవలెను. మెలియున్న కడ్డీని విప్పుటకు తొందరపడినవాని చేయి విరుగుటయు కలదు. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రింద దూరినవాడు ప్రాణమునకే తెచ్చుకొనును. ఎంతోకాలముగా బరువు మోయుచున్న దానిని, ఆ బరువు దింపకుండ సరిచేయ బూనుట అవివేకము. మనుష్యుల విషయమునను ఇది మరువరానిది.

కట్టలను బిగించుటలో ఒక సూక్ష్మము కలదు. రబ్బరు బుష్షులు గల బోల్టులను చక్రములు గాలిలో వ్రేలాడుచుండగా చివరిదాక బిగింపరాదు. బండిని నేలకు దింపి, తన బరువు తాను మోయుచుండగా బిగింపవలెను. గాలిలో బిగించినచో రబ్బరు నిలువవలసిన స్థానము వేరగును. నేలకు దింపినంతనే అది మెలిపడి, కొలది దినములలో చీలిపోవును. బరువులేని వేళ చేసిన బిగింపు బరువు పడినపుడు నిలువదు. సుఖముగా నున్నపుడు చేసిన సంకల్పములును ఇట్టివే.

పని ముగిసిన తరువాత ఎత్తు ఎంత యుండవలెను? ఎక్కువ యుండిన మంచిదేగదా అని యజమాని ఆశపడును. తయారుచేసినవారు నిర్ణయించిన ఎత్తు ఒకటి యుండును. దానికి తక్కువ యుండరాదు, ఎక్కువయు ఉండరాదు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము ఇచ్చట స్మరణకు వచ్చుచున్నది. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె అధికముగా తేగా, అధికమైనది మనది కాదు, తెచ్చినచోటనే విడిచి రమ్మని లక్కమ్మ పంపినట్లు ప్రసిద్ధి. తక్కువయే దోషమని లోకము తలచుచుండగా, ఎక్కువయు దోషమే యని ఆ యిల్లాలు గుర్తించెను. కాయకమునకు కొలత ప్రాణము. దిమ్మె పెట్టువాడు లేనిదానిని ఉన్నట్లు చూపును. లావు పట్టీలు చేర్చువాడు అక్కరలేనిదానిని చేర్చును. ఇద్దరును కొలత తప్పినవారే.

ఇప్పుడు ఆ యువకుని వైపునను కొంత న్యాయమున్నదని ఒప్పుకొనవలెను. కొత్త కమానులకు ఖర్చగును. ఈ కారు నిర్మాణము ఆగి ఏండ్లు గడచినవి. సామగ్రి అన్నిచోట్ల దొరకదు. దొరికిన పాతవానిలో మంచి యేదో చెడు యేదో తెలియదు. ఇంటిలో మందులకో చదువులకో డబ్బు కావలసియుండగా, అమ్మబోవు బండికి ఖర్చు పెట్టుమనుట సులభమా? బీదవాని చేతిలోని దిమ్మెను పాపమని పిలుచుట ధర్మోపదేశము కాదు. కడుపు నిండినవాని మాట. మేస్త్రికిని ఇల్లు గడువవలెను. తాను కాదన్నచో ప్రక్క షెడ్డువాడు అదే పని అరగంటలో చేయును.

ఈ చిక్కునకు పరిష్కారము దిమ్మెలో లేదు, మాటలో ఉన్నది. తాత్కాలికమైనదానిని తాత్కాలికమని చెప్పి చేయుట తప్పు కాదు. విరిగిన చేతికి బద్ద కట్టుట మోసము కాదు. బద్దను చూపి ఎముక అతుకుకొన్నదనుటయే మోసము. "ఇది దిమ్మె, కమాను మార్చలేదు, బరువు వేయకుడు, కొనువానికి ఈ మాట చెప్పుడు" అని మేస్త్రి చెప్పి, యజమాని ఆ మాటను దాచక కొనువానికి చెప్పి, దానికి తగినట్లు ధర తగ్గించినచో, ఆ దిమ్మె నిర్దోషము. కొనువాడు తెలిసియే కొనును. తానే కొత్త కమానులు వేసికొనును. ధర తగ్గుట యజమానికి నష్టముగా తోచును. కాని అది అతని సొమ్ము కానేకాదు. లేని కమానులకు వెల పుచ్చుకొనుట మారయ్య మరల పోసివచ్చిన బియ్యము వంటిది.

ఐతే మాట చెప్పిన మాత్రమున తీరని సందర్భము ఒకటి కలదు. పట్టీ పగిలియుండి, అది విరిగినచో ఇరుసు స్థానము తప్పి బండి అదుపు తప్పునని మేస్త్రికి తెలిసినచో, అతడా పనికి చేయి పెట్టరాదు. అప్పుడు భరించువారు యజమాని, కొనువాడు మాత్రమే కారు. శ్రీరామనవమికి భద్రాచలము పోవుచు వెనుకసీటులో కూర్చున్న ముసలమ్మ, ఎదురుగా సైకిలుమీద వచ్చు కూలివాడు ఈ బేరములో లేరు. వారిని ఎవరును అడుగలేదు. అడిగినవాని అనుమతితో అడుగబడనివాని ప్రాణమును పణముగా పెట్టు హక్కు ఎవ్వరికిని లేదు. తన సొమ్ము విషయమున యజమాని ఒప్పుకొనవచ్చును. పరుల ప్రాణము విషయమున అతని ఒప్పుదలకు విలువ లేదు. అడిగినది చేయుట సేవ యగును. అడిగినది చేయదగినదో కాదో విచారించి చేయుట కాయకమగును. ప్రక్క షెడ్డువాడు చేయుననుట సమాధానము కాదు. అది ప్రక్క షెడ్డువాని లెక్క.

ఆ మేస్త్రికి ఆనాటి కూలి పోవచ్చును. యువకుడు విసుగుకొని బండిని తీసికొనిపోవచ్చును. సత్యమునకు వెంటనే ఫలము లభించునని చెప్పుట పిల్లలకు చెప్పు కథ. కాని ఆ మేస్త్రి రాత్రి రోడ్డుమీద నడచునపుడు ఎదుట వచ్చు కారు దీపములు తన కన్నులలో పడినచో, ఆ కారు తాను లేపినదేమో యను శంక అతనికి కలుగదు. ఇది చిన్న లాభము కాదు.

పని ముగిసిన పిమ్మట చేయవలసినది ఇంకను ఒకటి మిగిలియున్నది. కొత్త కమాను మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొంచెము సర్దుకొని దిగును. అది దోషము కాదు, సహజము. అప్పుడు మరల బండిని చదును నేలమీద నిలిపి, మరల నాలుగుచోట్ల కొలిచి, యూ బోల్టులు మరల బిగించి, దీపముల వెలుగు ఎక్కడ పడుచున్నదో చూచి సరిచేయవలెను. చక్రముల వరుసను కూడ సరిచూడవలెను. ఒకసారి సరిచేసితిమి గదా యని ఊరకుండువాడు మరల ఆరేండ్లకు చుట్టము చెప్పువరకు మేల్కొనడు.

కుటుంబములలోను, మఠములలోను, పాఠశాలలలోను బరువు మోయువారు కొందరుందురు. వారు వంగినపుడు మనకు సుఖముగా నుండును. కావున వారి వంపును మనము గమనింపము. ఆ వంపు ఏనాటికానాడు తిరిగి నిలుచుచున్నదా, లేక అట్లే నిలిచిపోవుచున్నదా యని ఏడాదికొకసారియైనను కొలిచి చూడవలెను. కంటితో చూచిన తెలియదు. మునుపు వ్రాసియుంచిన కొలతతో పోల్చిననే తెలియును. తేడా కనబడినచో ఇటుకలు వెదుకరాదు, ఇనుపదూలములు తేరాదు. ముందుగా బరువు దింపవలెను. తరువాత విప్పి చూడవలెను. తెగినది మార్చి, అలసినదానికి పదును పెట్టి, మరల బరువు ఎత్తునపుడు రెండు వైపులకును సమముగా ఎత్తవలెను.